ఎర్ర శాలువాలో కౌంటెస్

‘కుంచె పట్టిన స్త్రీలు’ ధారావాహిక – 6

1800 జూన్. పీటర్స్‌బర్గ్‌లో, నీవా నది ఒడ్డున వసీలియెవ్‌స్కీ దీవి మీద, ఇంపీరియల్ కళల అకాడమీలో సభ జరుగుతోంది. హాలు నిండా జనం. ఆ చివర పెద్ద బల్ల వెనక అకాడమీ అధ్యక్షుడు కౌంట్ అలెక్సాండర్ స్త్రోగనోవ్ కూర్చున్నాడు. ఈ చివర నలభై అయిదేళ్ళ ఫ్రెంచి చిత్రకారిణి నిలబడి ఉంది. ఊదారంగు పొట్టి కోటు, పసుపుపచ్చ పావడా, నల్ల ఈకలు గుచ్చిన నల్లటోపీ వేసుకుంది. గుర్రపుస్వారీకి వెళ్ళే దొరసానుల తరహా దుస్తులు అవి. సరదాపడి వేసుకోలేదు. అకాడమీ సభ్యులకు ఒక యూనిఫారం ఉంది, సభ్యుడంటే మగవాడే అన్న లెక్కన కుట్టించింది. ఆడమనిషి వస్తే ఏం తొడుక్కోవాలో ఆ నియమాల్లో లేదు. అందుకని దానికి దగ్గరగా ఉండేలా ఈ వేషం.

అంత జనాన్ని దాటుకుంటూ అధ్యక్షుడి దాకా నడవాల్సి వచ్చిందని, ముసలితనంలో రాసిన జ్ఞాపకాల్లో ఆమె గుర్తుచేసుకుంది. స్త్రోగనోవ్ యోగ్యతాపత్రం చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి ఎలిజబెత్ విజే లెబ్రన్ రష్యా కళల అకాడమీకి గౌరవ సభ్యురాలు. బదులుగా ఆమె తన బొమ్మ తానే గీసి ఇచ్చింది. అది ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. అందులో ఆమె కాన్వాసు ముందు కూర్చుని పని చేస్తూ కనిపిస్తుంది. కాన్వాసు మీద రూపు దిద్దుకుంటున్నది జారు పావెల్ భార్య మారియా ఫ్యోదొరోవ్నా ముఖం. అంటే ఒక బొమ్మలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు గీసేవారు, ఒకరు గీయించుకునేవారు. గీయించుకునే మహారాణి కూడా చేతిపని తెలిసిన మనిషే. ఆ సంగతి తర్వాత.

సభ జరిగిన ఆ భవనంలోనే చిన్న వయసు నుంచి అబ్బాయిలను పెట్టుకుని చదువు చెప్పేవారు. మొదట అచ్చుబొమ్మలు చూసి గీయడం, తర్వాత సున్నపు విగ్రహాలు, ఆ తర్వాత సజీవమైన మనిషిని నిలబెట్టి నగ్నరూపం గీయడం. ఈ మూడు మెట్లూ ఎక్కినవాడే చిత్రకారుడు. ఆ తరగతుల్లో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. ఆ ఏడాదే కాదు, మరో ఏడు దశాబ్దాలు లేదు. పేరు పడ్డ పరదేశి స్త్రీని పిలిచి పీట వేయడానికి అకాడమీకి అభ్యంతరం లేదు. పెన్సిలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పదేళ్ళ పిల్లను లోపలికి రమ్మనడానికే అభ్యంతరం. రష్యాలో చిత్రకారిణుల తొలి చరిత్రంతా ఈ రెండింటి మధ్య నడిచింది. అది తెలియాలంటే ఒక బొమ్మ చూడాలి.

ఆ బొమ్మ ఇప్పుడు రష్యాలో లేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, బార్బర్ ఇన్‌స్టిట్యూట్ అనే చిన్న మ్యూజియంలో ఉంది. 1980లో వాళ్ళు కొన్నారు. ఎత్తు ఎనభై మూడు సెంటీమీటర్ల చిల్లర, వెడల్పు అరవై ఆరు చిల్లర. గోడ మొత్తం ఆక్రమించే దర్బారు పటం కాదు, మనిషి ఎదురుగా కూర్చున్నంత కొలత. 1797కూ 1800కూ మధ్య విజే లెబ్రన్ పీటర్స్‌బర్గ్‌లో గీసింది. అందులో ఉన్నది కౌంటెస్ వర్వారా నికొలాయెవ్నా గొలోవినా.

ముందుగా కంటికి తగిలేది ఎరుపు. భుజాల చుట్టూ తిప్పుకున్న శాలువా, దాన్ని గుండె దగ్గర పట్టుకున్న చెయ్యి. రింగులు తిరిగిన ముదురు జుట్టు పౌడరు లేకుండా సహజంగా వదిలేసి ఉంది, ఒక పట్టీ మాత్రం చుట్టారు. వెనక స్తంభం లేదు, మడతలు పడ్డ తెర లేదు, పూలకుండీ లేదు. ఉన్నది వెలుగూ నీడా పడ్డ ఖాళీ గోడ. కళ్ళు నేరుగా మనవైపే. పెదవుల మీద నవ్వు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కొలువులో ఇంత పెద్ద హోదా ఉన్న మనిషిని ఆ రోజుల్లో మరో చిత్రకారుడు గీసి ఉంటే రిబ్బన్లూ పతకాలూ వజ్రాలూ ముందు గీసి, మిగిలిన చోట ముఖం పెట్టేవాడు. ఇక్కడ అవేవీ అక్కర్లేదనుకున్నారు. ఎవరనుకున్నారు, గీసినామెనా, గీయించుకున్నామెనా? ఇద్దరూ కలిసే అనుకుని ఉంటారని నాకనిపిస్తుంది. కారణాలు చెబుతాను.

విజే లెబ్రన్ సంగతి పోయిన వారం కొంత చెప్పుకున్నాం. తండ్రి లూయీ విజే పాస్టెల్ చిత్రకారుడు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు పోయాడు. పదిహేనేళ్ళు దాటకముందే ముఖాలు గీసి ఇల్లు గడిపింది. బొమ్మల వ్యాపారిని పెళ్ళాడింది. అతడు ఆమె సంపాదన ఖర్చుపెట్టాడు. 1778 నుంచి మారీ ఆంత్వానెత్‌కు ఆస్థాన చిత్రకారిణి లాంటి స్థానం. 1783లో పారిస్ అకాడమీలోకి ఆమెనూ, అదేలాద్ లబీయ్-గియార్ అనే మరో చిత్రకారిణినీ ఒకే రోజు తీసుకున్నారు. ఆ అకాడమీలో ఆడవాళ్ళు నలుగురికి మించకూడదని నియమం. ఈమెకు సీటు రావడానికి రాణి మాట సాయం కావలసివచ్చింది. 1789 అక్టోబరులో జనం వెర్సాయ్ మీదికి వెళ్ళిన రాత్రి, కూలిమనిషి వేషంలో తొమ్మిదేళ్ళ కూతురు జూలీని వెంటబెట్టుకుని పారిస్ నుంచి బండి ఎక్కింది. ఇటలీలో ఉంది, వియన్నాలో ఉంది. 1795 జులైలో పీటర్స్‌బర్గ్‌లో దిగింది.

మనలో చాలామందికి పీటర్స్‌బర్గ్ అంటే మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన రాదుగా, ప్రగతి ప్రచురణల పీటర్స్‌బర్గ్: మంచు, ఇరుకు మెట్లు, అప్పులవాళ్ళు. విజే లెబ్రన్ చూసిన ఊరు అంతకు యాభై అరవై ఏళ్ళ ముందుది. నాచుట్టాలు మీచుట్టాలే అన్నట్టు ఒకరికొకరు తెలిసిన కొన్ని పెద్ద కుటుంబాలు, వాళ్ళ విందులు, నాటకాలు, పడవ షికార్లు. మాట్లాడేది ఫ్రెంచి. అందరికీ తమ బొమ్మ గీయించుకోవాలని కోరిక. ఆమె పేరు ఆమె కంటే ముందే అక్కడికి చేరిపోయింది.

దిగిన మర్నాడే త్సార్స్కొయె సెలో రాజభవనానికి పిలుపొచ్చింది. కొలువుకు తగ్గ దుస్తులు ఆమె దగ్గర లేవు. తెల్లని మస్లిన్ గౌనులోనే వెళ్ళింది. తీసుకువెళ్ళిన దొరసాని ఆ గౌను చూసి కంగారుపడిందట. రాణి ఎదుట నిలబడ్డాక ఆమె చేతిని ముద్దుపెట్టుకోవాలన్న మర్యాద కూడా మర్చిపోయింది. కాతరీన్ మహారాణి పట్టించుకోలేదు. అక్కడి తోటలోంచి పోతుంటే ఒక కిటికీలో కార్నేషన్ కుండీకి నీళ్ళు పోస్తున్న అమ్మాయి కనిపించింది. గ్రీకు కథల్లోని సైకీ కళ్ళెదుట నిలబడ్డట్టు అనిపించిందని తర్వాత రాసుకుంది. ఆ అమ్మాయి కాతరీన్ మనవడు అలెక్సాండర్ భార్య ఎలిజావెతా. జర్మనీలోని బాదెన్ నుంచి పదమూడేళ్ళకు వచ్చి పద్నాలుగేళ్ళకు పెళ్ళయిన పిల్ల. మన కథలో ఈమెకు ముఖ్యమైన చోటు ఉంది.

కాతరీన్‌కు మాత్రం ఈ పారిస్ చిత్రకారిణి పని నచ్చలేదు. మొదటి పెద్ద పని తన మనవరాళ్ళు అలెక్సాంద్రా, ఎలేనాల బొమ్మ. ఇద్దరికీ గ్రీకు తరహా పలుచని దుస్తులు వేసి, చేతులు బోసిగా గీసి, నానమ్మ ముఖమున్న పతకాన్ని చూస్తున్నట్టు కూర్చోబెట్టింది. బోసి చేతులు బాగాలేవని మహారాణి అభ్యంతరం. చిత్రకారిణి వాటిమీద చేతుల గుడ్డ గీసి కప్పింది. ఆ సర్దుబాటుతో బొమ్మ మరింత చెడిందని ఆమె బాధపడింది. ఇటు మహారాణి తన పాత స్నేహితుడు గ్రిమ్‌కు ఉత్తరం రాస్తూ ఆ బొమ్మను చెడామడా వెక్కిరించింది. ఎంత వెక్కిరించినా చివరికి తన బొమ్మ గీయడానికి కూర్చుంటానని మాటిచ్చింది. ఆ మాట తీరకుండానే 1796 నవంబరులో కన్నుమూసింది.

కొడుకు పావెల్ గద్దెనెక్కాక ఊరు తీరే మారిపోయింది. గుండ్రటి టోపీలు నిషేధం, ఫ్రెంచి తరహా కోట్లు నిషేధం. వీధిలో జారు ఎదురైతే బండి ఆపి దిగి నిలబడాలి, మంచయినా బురదయినా. రేపు ఎవరిని కొలువులోంచి వెళ్ళగొడతారో, ఎల్లుండి ఎవరిని పిలుస్తారో తెలియదు. ఆ నాలుగేళ్ళలోనే విజే లెబ్రన్ తన రష్యా బొమ్మల్లో మంచివి గీసింది. గొలోవినా బొమ్మ వాటిలో ముందు వరసలోది.

గొలోవినా 1766లో గొలీత్సిన్ రాచకుటుంబంలో పుట్టింది. తల్లి పుట్టినిల్లు షువలోవ్‌లది. ఇక్కడ కాస్త ఆగాలి. ఆమె మేనమామ ఇవాన్ షువలోవ్ ఎలిజావెతా పెత్రోవ్నా మహారాణికి అత్యంత ఆప్తుడు. 1755లో మాస్కో విశ్వవిద్యాలయం పెట్టించింది ఆయన. 1757లో పీటర్స్‌బర్గ్‌లో కళల అకాడమీ పెట్టించిందీ ఆయనే. అంటే మనం మొదట చూసిన ఆ హాలు ఒక రకంగా మామయ్య ఇల్లు. 1763 నుంచి ఆయన ఐరోపా అంతా తిరిగి, 1777లో పెట్టెల నిండా పాత శిల్పాలూ కళాఖండాలూ వేసుకుని తిరిగివచ్చాడు. అప్పటికి వర్వారాకు పదకొండేళ్ళు. మామయ్య తెచ్చిన వస్తువులు చూసి తనకు బొమ్మలు గీయాలన్న ఆశ పుట్టిందని ఆమె జ్ఞాపకాలు చెబుతాయి. అకాడమీ స్థాపకుడి మేనకోడలు బొమ్మలు గీయడం నేర్చుకుంది, ఇంట్లో. మామయ్య పెట్టిన బడిలో ఆమెకు చోటు లేదు, ఆ ఊహే ఎవరికీ రాలేదు.

ఆ కాలంలో రష్యా కులీనుల ఇళ్ళలో ఆడపిల్లకు బొమ్మలు నేర్పడం ఫ్రెంచి నేర్పినంత మామూలు. పియానో, పాట, నాట్యం, పెన్సిలు. 1764లో కాతరీన్ పెట్టిన స్మోల్నీ బాలికల విద్యాలయంలో కూడా చిత్రలేఖనం పాఠమే. ఆ బడి అమ్మాయిలను 1770లలో ద్మీత్రీ లెవీత్స్కీ ఏడు పెద్ద కాన్వాసుల్లో గీశాడు. ఒకామె హార్ప్ వాయిస్తుంది, ఒకామె నాట్యం చేస్తుంది, ఒకామె పక్కన గాలిని లాగే శాస్త్ర పరికరం కూడా ఉంది. ఒక్కరి చేతిలోనూ కుంచె లేదు. గీయడం వచ్చిన ఆడపిల్లలు ఆ బడిలో లేరని కాదు. మహారాణికి చూపించి మెప్పు పొందాల్సిన విద్యల్లో అది లేదు, అంతే. కుంచె పట్టిన లెవీత్స్కీ మాత్రం అకాడమీలో రూపచిత్రాల తరగతికి గురువు.

గొలోవినా భర్త కౌంట్ నికొలాయ్ గొలోవిన్. ప్రేమించి చేసుకున్న పెళ్ళి. టర్కీతో యుద్ధం జరుగుతున్నప్పుడు అతన్ని వెతుక్కుంటూ దక్షిణాన బెందేరి సైనిక శిబిరం దాకా వెళ్ళిన మనిషి ఆమె. అక్కడ సేనాధిపతి పొత్యోమ్కిన్ ఒక అందగత్తె మెప్పు కోసం శిబిరంలో ఆడించిన రాజభోగాలన్నీ తర్వాత కాస్త వెటకారంగానే రాసింది. ఆ అందగత్తె ప్రిన్సెస్ దొల్గొరూకయ. విజే లెబ్రన్ ఆమె బొమ్మ కూడా గీసింది. కూలిగా మంచి గుర్రబ్బండి పంపడమే కాక, తన జుట్టుతో అల్లి వజ్రాలతో అక్షరాలు పొదిగించిన కంకణం ఒకటి చిత్రకారిణి చేతికి తొడిగిందా ప్రిన్సెస్. పీటర్స్‌బర్గ్‌లో చిత్రకారులకు డబ్బు ఇలా వంకరదారుల్లో కూడా వచ్చేది.

1793లో అలెక్సాండర్, ఎలిజావెతాల పెళ్ళయ్యాక గొలోవిన్‌కు ఆ కొత్త జంట కొలువులో పెద్ద ఉద్యోగం వచ్చింది. భార్యకు అంతకంటే పెద్దది దొరికింది, ఎలిజావెతా స్నేహం. ఇద్దరికీ పదమూడేళ్ళ తేడా. త్సార్స్కొయె సెలో వేసవులు, తోటల్లో నడకలు, సంగీతం, చీటీల మీద చీటీలు. దేశంకాని దేశంలో భాష కాని భాషలో పెరుగుతున్న ఆ పిల్లకు గొలోవినా అక్క, తోడు. ఎలిజావెతా కోరికమీదే తర్వాత గొలోవినా తన జ్ఞాపకాలు ఫ్రెంచిలో రాసింది. కాతరీన్ చివరి రోజుల గురించి, పావెల్ కొలువు గురించి చరిత్రకారులు ఇప్పటికీ వెళ్ళి తట్టే తలుపు ఆ పుస్తకం. అచ్చులోకి రావడానికి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా పట్టింది.

పావెల్ కాలంలో ఆ స్నేహం విరిగింది. 1799లో ఎలిజావెతాకు పుట్టిన కూతురు గురించి కొలువులో గుసగుసలు లేచాయి. పోలండు యువకుడు ఆదమ్ చార్తొరిస్కీ పేరు వినిపించింది. ఆ మాటలు పైకి మోసింది గొలోవినాయేనని ఎవరో ఎలిజావెతాను నమ్మించారు. ఏళ్ళ తరబడి ఆమె ముఖం తిప్పుకుంది. ఆ బిడ్డ ఏడాది తిరిగిన కొద్దికాలానికే పోయింది. అపార్థం తొలగడానికి పదేళ్ళకు పైగా పట్టింది. బొమ్మ గీసింది సరిగ్గా ఈ రోజుల్లోనే కాబట్టి ఆ కళ్ళలో నమ్మినవాళ్ళు దూరమైన దిగులు చూడాలని వ్యాసకర్తలకు చెయ్యి ఊరుతుంది. నేను చూడను. ఆ ముఖంలో నాకు కనిపించేది తన మీద తనకున్న ధీమా. పైగా ఒక కాన్వాసుకు మూడేళ్ళ గడువిచ్చి, అందులో ఏ నెల దుఃఖం కావాలంటే ఆ నెలది ఏరుకోవడం చరిత్ర కాదు.

అప్పట్లో గొలోవిన్‌ల ఇంట్లో ఇంకొకామె ఉండేది. ప్రిన్సెస్ ద తరాంత్, మారీ ఆంత్వానెత్ అంతఃపురంలో పనిచేసి, 1792 సెప్టెంబరు హత్యాకాండలో చావు తప్పించుకుని, 1797లో రష్యా చేరిన మనిషి. 1814లో చనిపోయేదాకా గొలోవినా దగ్గరే ఉంది. ఆమె ప్రభావంతో గొలోవినా తమ చర్చిని వదిలి కాథలిక్ మతం పుచ్చుకుంది. మారీ ఆంత్వానెత్‌ను గీసిన మనిషీ, ఆమెకు సేవ చేసిన మనిషీ వచ్చిపోయే ఇల్లది.

ఆ ఇంటి గురించి విజే లెబ్రన్ తన పుస్తకంలో రాసింది. కౌంటెస్ తెలివైనదనీ, చుట్టూ పెద్ద గుంపు అక్కర్లేకుండానే కాలక్షేపం చేయగల మనిషనీ, యూరప్‌లో ఏ కొత్త పుస్తకం వచ్చినా పారిస్‌తో పాటే ఆమె బల్లమీద ఉంటుందనీ మెచ్చుకుంది. తానే పాటలు కట్టి పియానో వాయిస్తూ పాడుతుందనీ, చాలా బాగా బొమ్మలు గీస్తుందనీ కూడా. ఆ చివరి మాట తేలిగ్గా తీసుకోకూడదు. పొట్టకూటికి కుంచె పట్టిన మనిషి, పదిహేనో ఏటి నుంచి పొగడ్తల ఖరీదు తెలిసిన మనిషి, మరొకరు బాగా గీస్తారని రాస్తోంది.

అందుకే ఆ బొమ్మలో నగలూ స్తంభాలూ లేకపోవడం ఇద్దరి ఒప్పందం అనిపిస్తుంది. గీయించుకునే ఆమెకు గీత తెలుసు. మడత ఎక్కడ పడాలో, వెలుగు ఎటునుంచి రావాలో చెప్పక్కర్లేదు. విజే లెబ్రన్‌కు మొదటినుంచీ జుట్టుకు పౌడరు అంటే గిట్టదు. కూర్చున్నవాళ్ళను బతిమాలి అది తీయించేది. బిగుతు దుస్తుల మీద శాలువాలు కప్పి, పాత ఇటలీ చిత్రాల్లోలా మడతలు తానే సర్దేది. 1780లలో ఫ్లాండర్స్ వెళ్ళి రూబెన్స్ బొమ్మలు చూసి వచ్చాక, రంగుమీద పలుచని రంగు పొరలు వేసి చర్మంలోంచి వెలుగు వచ్చేట్టు చేయడం ఆమెకు పట్టుబడింది. వయసు మళ్ళాక తన మేనకోడలి కోసం రూపచిత్రాలు గీసే పద్ధతి రాసిపెట్టింది. అందులో రంగుల సంగతి ఎంత ఉందో, కూర్చున్న మనిషిని ఎలా కూర్చోబెట్టాలి, ఎలా మాట్లాడించాలి అన్నదీ అంత ఉంది. పారిస్‌లో 1787లో తన బొమ్మలో తాను పళ్ళు కనిపించేలా నవ్విందని పెద్దమనుషులు నొచ్చుకున్నారు. అంత సాహసం గొలోవినా ముఖంలో లేదు. కానీ మాట మధ్యలో ఆగి వింటున్న మనిషి ముఖంలా అది మనల్ని పట్టుకుంటుంది. అంతకు ముందు తరం రష్యా దర్బారు పటాలు కొన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ హోదా కూర్చుంటుంది, ఇక్కడ మనిషి కూర్చుంది.

ఈ గాలి ఆమె ఒక్కతే తెచ్చింది అనుకోవడం కూడా సరికాదు. అదే పీటర్స్‌బర్గ్‌లో ఉక్రెయిన్ నుంచి వచ్చిన వ్లదీమిర్ బొరొవికోవ్‌స్కీ 1797లో మారియా లొపుఖినాను గీశాడు. తెల్లని గౌను, వెనక పల్లె చేలు, కొంచెం బద్ధకపు చూపు. త్రెత్యకోవ్ గ్యాలరీకి వెళ్ళినవాళ్ళు తప్పక ఆగే బొమ్మ. కొన్నేళ్ళకు ఓరెస్ట్ కిప్రెన్‌స్కీ చేతిలో రష్యా రొమాంటిక్ రూపచిత్రం పూర్తిగా తన కాళ్ళమీద నిలబడింది. అతడు చిన్నప్పుడే అకాడమీలో చేరి, దాని బెంచీల మీదే పెరిగినవాడు. పుట్టింది బానిస రైతుకూలీ స్త్రీకి. ఆ పుట్టుక అతనికి అడ్డు రాలేదు. కౌంటెస్ గొలోవినాకు అడ్డొచ్చింది పుట్టుకలో వేరే సంగతి.

ఇంతకు ముందు అకాడమీ మెట్లెక్కిన ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. 1766లో శిల్పి ఫాల్కొనే వెంట పద్దెనిమిదేళ్ళ మారీ-ఆన్ కొలో పీటర్స్‌బర్గ్ వచ్చింది. నీవా ఒడ్డున రాతిబండ మీద గుర్రమెక్కిన మహా పీటర్ కంచు విగ్రహం లోకప్రసిద్ధం. గురువుకు ఆ తల ఎన్నిసార్లు చేసినా కుదరకపోతే, ఆ ముఖాన్ని మలిచింది ఈ అమ్మాయి. ఊళ్ళోకి వచ్చిన మరుసటి ఏడే అకాడమీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆమె కూడా ఫ్రెంచి పిల్లే, నేర్చుకున్నది పారిస్‌లో, ఫాల్కొనే దగ్గర.

ఇక మారియా ఫ్యోదొరోవ్నా. పావెల్ భార్య, పదిమంది బిడ్డల తల్లి, ఆ పని మధ్యలో రాయి చెక్కింది. పతకాల శిల్పి కార్ల్ లెబరెఖ్ట్ దగ్గర నేర్చుకుని రంగురాళ్ళ మీద పక్కముఖాల కేమియోలు చెక్కేది. తరిమెన మీద ఏనుగు దంతం, అంబరు తొలిచి సామాను చేసేది. తన ఆరుగురు బిడ్డల పక్కముఖాలు వరుసగా పెట్టి చేసిన కేమియో రూపకల్పన అప్పట్లో పింగాణీ మీదా గాజుమీదా కూడా అచ్చుపడింది. వృద్ధాప్యంలో బెర్లిన్ అకాడమీ గౌరవ సభ్యత్వం ఇచ్చింది. పావ్లోవ్‌స్క్ భవనంలో ఆమె పనులు చూస్తే తీరికకు చేసిన పనిలా ఉండవు. కానీ మహారాణి కాబట్టి అది తీరిక కిందే లెక్క. విజే లెబ్రన్ ఆ స్వయంచిత్రంలో కాన్వాసు మీద ఆమెనే గీయడం ఎంత ఉచితమో ఇప్పుడు అర్థమవుతుంది.

విజే లెబ్రన్ రష్యా రోజులు చివర చేదుగా ముగిశాయి. కూతురు జూలీ 1799లో తల్లికి ఇష్టం లేకుండా కౌంట్ చెర్నిషోవ్ దగ్గర కార్యదర్శిగా ఉన్న నిగ్రిస్ అనే అతన్ని పెళ్ళాడింది. తల్లీకూతుళ్ళ మధ్య ఆ పగులు మళ్ళీ పూర్తిగా అతకలేదు. మనసు బాగాలేక 1800 చలికాలం మాస్కోలో గడిపింది. తిరిగి వచ్చే దారిలో పావెల్ హత్య వార్త తెలిసింది. 1801లో రష్యా విడిచి, మరుసటి జనవరికి పారిస్ చేరింది. అక్కడ విప్లవం పాత అకాడమీని రద్దుచేసి కొత్త సంస్థ పెట్టింది. అందులో ఆ నలుగురి వాటా కూడా లేదు. స్త్రీలకు సభ్యత్వమే లేదు. రాజులు నాలుగు కుర్చీలు ఇచ్చారు, సమానత్వం పేరు చెప్పినవాళ్ళు ఆ నాలుగూ తీసేశారు.

రష్యాలో ఏం మిగిలింది? గౌరవ పత్రాలు పెరుగుతూ వచ్చాయి. 1854లో సోఫియా సుఖొవో-కొబీలినా ప్రకృతి దృశ్యాలకు అకాడమీ బంగారు పతకం గెలిచింది. ఆ పతకం అందుకున్న తొలి రష్యన్ స్త్రీ. నాటకకర్త అలెక్సాండర్ సుఖొవో-కొబీలిన్ చెల్లెలు. 1858లో దోర్పత్ ఊరి జర్మన్ చిత్రకారిణి యూలీ హాగెన్-ష్వార్జ్‌కు రూపచిత్రాలకు అకడమీషియన్ బిరుదు వచ్చింది. ఆ ఊరు ఇప్పటి ఎస్తోనియాలోని తార్తు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం గురువు. ఆమె నేర్చుకున్నది ముందు తండ్రి దగ్గర, తర్వాత డ్రెస్డెన్, మ్యూనిక్, రోమ్ నగరాల్లో. ఇద్దరూ గొలోవినా కంటే ఎంతో ముందుకు వెళ్ళారు. ఇద్దరూ బయట గురువుల దగ్గరే నేర్చుకున్నారు. వెనక ఆస్తో, తండ్రో, పరదేశ ప్రయాణమో లేని అమ్మాయికి ఈ దారి లేదు. తరగతి గది అంటే అలాంటివాళ్ళకే కావాలి.

ఆ తరగతి గది చివరికి అకాడమీలో కాదు, దానికి కొంచెం దూరంలో, అదే దీవి మీద తెరుచుకుంది. 1839లో బయటి విద్యార్థుల కోసం కొర్నేలియ్ రైసిగ్ పెట్టించిన చిత్రలేఖన పాఠశాలలో 1842 నుంచి అమ్మాయిలకు వేరుగా తరగతులు మొదలయ్యాయి. చేతిపనులవారి పిల్లలూ, చిన్న గుమాస్తాల కూతుళ్ళూ వచ్చి కూర్చున్నారు. ఆ ఏడాది మార్చిలోనే విజే లెబ్రన్ పారిస్‌లో ఎనభై ఆరేళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ బడిలో చదివిన యెకతెరీనా ఖిల్కోవా 1855లో ఆ తరగతి గదినే కాన్వాసు మీద గీసింది. దీపాల కింద వంగి గీసుకుంటున్న అమ్మాయిలు వరుసలుగా ఉంటారందులో. వచ్చే వారం ఆ గదిలోకి వెళదాం.